మోతకు కావలసిన తిట్టు

మా తమ్ముణ్ని వీధిలో అందరూ మోత అంటారు. అసలు పేరు ఒకటి ఉంది గానీ, బడి మానేశాక దాన్ని ఎవరూ వాడలేదు. వాడు చేసే పనేంటని ఎవరైనా అడిగితే ఇంట్లో నలుగురం నాలుగు రకాలుగా చెబుతాం. అమ్మ ముఖం అటు తిప్పుకుని "కంప్యూటర్ పని" అంటుంది. నాన్న "ఏదో శబ్దాలకు సంబంధించింది" అంటాడు. వాడేమో "ఇండిపెండెంట్ ప్రొడ్యూసర్‌ని" అంటాడు. నేను మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతాను. వాడు పాట రాయడు, పాడడు, ఏ వాయిద్యమూ వాయించడు, అయినా పాట నాదే అంటాడు. హిప్ హాప్‌లో పాడేవాడు గబగబా మాట్లాడుతుంటే వెనక గుండెలదిరేలా ఒక దరువు మోగుతుంది చూడండి, ఆ దరువు మావాడిది. దాన్ని బీట్ అంటారు. అది తయారుచెయ్యడమే వాడి వృత్తి, వాడి పిచ్చి, మా ఖర్మ.

మొదట్లో వీధుల్లో తిరిగే బండ్లకు మైకు ప్రకటనలు రికార్డు చేసి ఇచ్చేవాడు. అదేమన్నా కష్టమైన పనా? ఒకడు చెబుతాడు, వీడు రికార్డు చేస్తాడు, అంతే కదా. అలా ఊరుకుంటే మోత ఎందుకవుతాడు? "పాత ఇనుము కొంటాం, పాత ప్లాస్టిక్ కొంటాం" అనే ప్రకటన కింద బీట్ పెట్టాడు మహానుభావుడు. బండి వీధిలోకి రాగానే జనం బయటికొచ్చి గంతులేసేవాళ్లు. ఇనుప ముక్క తెచ్చినవాడు ఒక్కడూ లేడు. పాత సామాన్లాయన కొన్నాళ్లు చూసి, చూసి, మా గుమ్మం ముందు కూలబడి, "బాబూ, నీకు పుణ్యముంటుంది, నా గొంతు నాకిచ్చెయ్" అన్నాడు. ఆ తర్వాత జిమ్ములో వ్యాయామం నేర్పే టీచరమ్మ వీడి చేత బీట్ చేయించుకుంది. సగంలో ఉన్నట్టుండి వేగం పెంచాడు. ఎందుకురా అని నేనడిగితే "ఫీలింగ్ అక్కా" అన్నాడు. ఆ ఫీలింగ్‌కి క్లాసులో సగం మందికి నడుములు పట్టేశాయి.

వాడి గది చూస్తే మీకు మాటరాదు. కిటికీకి అడ్డంగా పాత పరుపు. ఇస్త్రీ బల్ల మీద రెండు స్పీకర్లు. ల్యాప్‌టాప్‌లో మీటలు ఊడిపోయిన చోట చొక్కా గుండీలు అంటించుకున్నాడు. పాడేవాళ్లను రికార్డు చెయ్యాలంటే బయటి చప్పుడు రాని ప్రత్యేకమైన గది కావాలట. అది మాకెక్కణ్నుంచి వస్తుంది? అందుకని వాడి గదిలో ఉన్న పెద్ద చెక్క బీరువాను వాడుకునేవాడు. వేలాడే బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయట, అందులోనూ నాన్న ఉన్ని కోట్లు మరీ బాగా మింగుతాయట. పాడేవాడు ఆ కోట్ల మధ్య నిలబడి, తలుపు వేయించుకుని, తన జీవితంలోని కష్టాల గురించి పాడేవాడు. ఊపిరాడక పాడటం వల్ల ఆ కష్టాలు నిజంగానే ఉన్నట్టు వినిపించేవి.

ఇక అమ్మ. అమ్మ బస్టాండులో అనౌన్సర్. గాజు గదిలో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెబుతుంది. మైకు ముందు అమ్మ గొంతు వెన్నపూస. బస్సు ఆలస్యమని అమ్మ చెబితే, ఇంకాస్త ఆలస్యమైనా ఫరవాలేదులే అనిపిస్తుంది. పర్సు పోయినా, పిల్లాడు తప్పిపోయినా, బస్సే చెడిపోయినా "దయచేసి", "విజ్ఞప్తి", "చింతిస్తున్నాము". రోజంతా అలా చింతించి, చింతించి, మింగిన కోపమంతా మూటగట్టుకుని ఇంటికొస్తుంది. గుమ్మంలో చెప్పులు విప్పేలోపే మూట విప్పుతుంది. నాన్న ఇనుము చెక్కే లేత్ మిషను చప్పుడులో బతుకంతా పనిచేసి ఓ చెవి పోగొట్టుకున్నాడు. అమ్మ వచ్చే వేళకి ఆ చెవిని గుమ్మం వైపు పెట్టుకుని కూర్చుంటాడు.

ఒకరోజు అమ్మకు డ్యూటీ వేళ మారింది. తన డ్యూటీ కోటు కోసం హడావుడిగా వచ్చి బీరువా తలుపు లాగింది. లోపల హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని, చెమటలు కక్కుతూ ఒక బక్కాయన తన పేదరికం గురించి పాడుతున్నాడు. మైకు నాన్న కోటు చాటున ఉంది. అమ్మకు అది కనబడలేదు.

"ఒరేయ్ మోతా! బీరువాలో మనిషిని పెట్టావేంట్రా! ఇక్కడ మనుషుల్ని పెడితే బట్టలెక్కడ పెట్టుకోవాలిరా, నీ నెత్తినా? ఇంకెప్పుడు బాగుపడతావురా నాయనా!"

బక్కాయన హడలిపోయి కోట్లలోకి ఇంకా లోపలికి పోయాడు. అమ్మ అతన్ని కూడా కోటు అనుకుని ఒకసారి పట్టి లాగింది.

మోత ఆ తిట్టును చెరిపెయ్యలేదు. తీసుకెళ్లి పాట మొదట్లో పెట్టాడు. వాళ్ల పనిలో అదో పద్ధతి. దర్జీ చొక్కా కాలరు లోపల తన దుకాణం గుర్తు కుట్టినట్టు, ప్రతి ప్రొడ్యూసరూ తన పాట మొదట్లో ఓ చిన్న శబ్దమో మాటో పెట్టుకుంటాడు, ఇది ఫలానావాడి చెయ్యి అని తెలియడానికి. దాన్ని ట్యాగ్ అంటారు. ఒకడు పులి గాండ్రింపు పెట్టుకుంటాడు, ఒకడు గాజు పగిలిన చప్పుడు పెట్టుకుంటాడు. మావాడు "ఇంకెప్పుడు బాగుపడతావురా నాయనా" పెట్టుకున్నాడు.

జనానికి ఏం పిచ్చి పట్టిందో గానీ, ఎక్కడ చూసినా ఆ పాటే. పాటంటే పాట కాదు. తిట్టు అయిపోగానే ఆపేసి మళ్లీ మొదటి నుంచి పెట్టుకునేవాళ్లట. "వింటుంటే ఇంటికెళ్లినట్టుంది" అని నెట్‌లో ఆ పాట కింద ఒకరు రాశారు. "విన్నాక లేచి గది ఊడ్చుకున్నాను" అని ఇంకొకరు. పేదరికం గురించి అంత బాధగా పాడినాయన అలిగి, మావాడితో మాటలు మానేశాడు.

అమ్మకు మాత్రం ఇదంతా పట్టలేదు. బస్టాండులో సహాయ అనౌన్సర్ పని ఖాళీ అవుతుంటే కాళ్లా వేళ్లా పడి మోత కోసం మాట్లాడి పెట్టింది. "ఈ నెలాఖరులోగా నీ మోత నీకేదైనా దారి చూపిస్తే సరే. లేదంటే ఒకటో తారీఖున నోరు మూసుకుని నాతో వస్తున్నావ్" అని తేల్చి చెప్పింది. మోత సరేనన్నాడు. సరేననక ఏం చేస్తాడు, తింటున్నది అమ్మ వండిందే కదా.

సరిగ్గా అప్పుడే దిగాడు బుల్డోజర్. గబగబా మాట్లాడేవాళ్లను ర్యాపర్లంటారు, వాళ్లలో వీడు పెద్ద తలకాయ. మనిషి నిజంగానే అంత ఉంటాడు, మా గుమ్మంలోంచి పక్కకి తిరిగి రావలసివచ్చింది. మెడ నిండా గొలుసులు, ముందొకడు, వెనకొకడు. వచ్చి సోఫాలో కాకుండా అమ్మ ముందు నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నన్ను తిట్టాలి" అన్నాడు.

"అదేం మాట నాయనా? నువ్వేం తప్పు చేశావని?"

"అదేనమ్మా నా ఏడుపు. ఏం చేసినా ఎవడూ ఏమీ అనట్లేదు. మొన్న పంచదార అనుకుని కాఫీలో సబ్బు పొడి కలుపుకుని తాగేశాను. చుట్టూ పదిమంది ఉన్నారమ్మా. అందరూ 'సూపర్ అన్నా' అన్నారు."

వెనకున్నవాడు తల దించుకున్నాడు. పాపం, వాడూ అన్నట్టున్నాడు.

బుల్డోజర్ చెప్పిన బేరం ఇది. కొత్త ఆల్బమ్ మొత్తానికి బీట్లు మోతే చెయ్యాలి. కానీ మొదటి పాట అమ్మ కొత్త తిట్టుతో మొదలవ్వాలి, ఆ తిట్టు తనకే తగలాలి. అదీ నెలాఖరులోగా. మోత ముఖం చూడాలి అప్పుడు. ఇన్నేళ్లలో వాడి గది తలుపు తట్టిన పెద్ద అవకాశం అదొక్కటే. అటు ఆల్బమ్, ఇటు బస్టాండు, మధ్యలో అమ్మ నోరు.

అమ్మను మైకు ముందు కూర్చోబెట్టారు. అమ్మ కొంగు సర్దుకుంది, గొంతు సవరించుకుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. బుల్డోజర్ గారు తమ ప్రవర్తనను దయచేసి మార్చుకోగలరు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

మేమందరం నోళ్లు తెరిచాం. "అమ్మా, ఇంట్లో తిట్టినట్టు తిట్టు" అని మోత బతిమాలాడు. అమ్మ మళ్లీ మొదలెట్టింది, మళ్లీ ప్రయాణికులే. ఎంత చేసినా అంతే. మైకు కనబడితే చాలు, ఏళ్ల తరబడి అలవాటైన గొంతు తనంతట తానే మెత్తబడిపోతోంది. మోత మైకులు దాచడం మొదలుపెట్టాడు. పూలకుండీలో ఒకటి, మాసిన బట్టల బుట్టలో ఒకటి, గోడగడియారం వెనకొకటి. జీవితమంతా మైకుతో కాపురం చేసిన మనిషికి అది ఎక్కడుందో తెలియదా? అమ్మ నడుస్తూ నడుస్తూ పూలకుండీ దగ్గర ఆగి, వంగి, "దయచేసి నన్ను దారి దాటనివ్వగలరు" అని చెప్పి పోయేది.

ఇంట్లో ఎక్కడ మైకు ఉందోనని అమ్మ అస్తమానూ మర్యాదగానే మాట్లాడటం మొదలెట్టింది. ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది. నాన్న నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి గుసగుసగా అడిగాడు.

"మీ అమ్మకేమైందే? ఇందాక నాతో 'దయచేసి కాళ్లు తీయగలరు' అంది. నాకేదైనా పెద్ద జబ్బొచ్చిందా? నా దగ్గర దాస్తున్నారా?"

బుల్డోజర్ రోజూ వచ్చేవాడు. అమ్మకు కోపం తెప్పించాలని వాడు పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. బురద బూట్లతో హాలంతా తిరిగాడు. తడి తువ్వాలు తీసుకెళ్లి ఉతికిన దుప్పట్ల మీద వేశాడు. కుళాయి విప్పి వదిలేశాడు. టీవీ రిమోట్ తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టాడు. నాన్న సగం చదివిన పేపర్‌తో పడవ చేశాడు. ఒక్కో పనీ చేసి, తల వంచుకుని, తిట్టు కోసం నిలబడేవాడు. అమ్మ పళ్లు బిగబట్టి, "ఫరవాలేదు నాయనా" అనేది. అంత పెద్ద మనిషి కళ్లలో నీళ్లు తిరిగేవి.

చివరికి నా మీద పడ్డారు. నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. రోజంతా "బ్రేకు, బ్రేకు, చంపేస్తావా నన్ను" అని అరవడమే నా ఉద్యోగం. గొంతు అమ్మదే వచ్చింది. బీరువాలోకి దూరి, నాన్న కోటు పక్కకి నెట్టి, బుల్డోజర్‌ని కడిగి పారేశాను. బయటికొచ్చేసరికి వాడు హెడ్‌ఫోన్స్ తీసి ఆలోచిస్తున్నాడు.

"కోపం అదిరింది అక్కా. కానీ ఇందులో నేను బాగుపడాలన్న ఆశ లేదు. నన్ను బండి దిగిపొమ్మన్నట్టుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ మాట నిజమే. నాకు నిజంగా వాడు దిగిపోతే చాలనిపించింది.

ఇక లాభం లేదని అమ్మ దగ్గరికే వెళ్లాను. స్నానాల గదిలో కుళాయి ధారగా పోతోంది, తలుపు సగం తెరిచే ఉంది. అమ్మ తువ్వాలు ముఖానికి అదుముకుని అందులోకి అరుస్తోంది. ఒక్క మాట బయటికి రావట్లేదు గానీ, మెడ నరాలు ఉబ్బిపోయాయి. నాకప్పుడు అర్థమైంది. తిట్లు రాక కాదు. మైకు ముందు రాకపోవడం నిజమే గానీ, ఇంట్లో మూలమూలలా మర్యాదలు ఒలకబోస్తున్నది కావాలనే.

"అమ్మా! నాటకమా ఇదంతా?"

అమ్మ ఉలిక్కిపడి నన్ను లోపలికి లాగి తలుపేసింది.

"అరవకే, వాడు వింటాడు. నెలాఖరు దాకా ఓపిక పడితే చాలు."

"ఒక్క తిట్టే కదే! తిడితే నీ నోటి ముత్యాలేమన్నా రాలిపోతాయా? వాడి బతుకే దాని మీద ఉంది."

"తిడితే వాడు ఆ గదిలోంచి ఇక బయటికి రాడు. మీ నాన్నని చూస్తున్నావుగా? ఆ లేత్ మిషను పని మానెయ్ మానెయ్ అని నేను అంటూనే ఉన్నాను, వింటూనే ఉన్నాడు, చివరికి వినబడకుండా పోయింది. వీడు పొద్దస్తమానం ఆ డబ్బాలు చెవులకి తగిలించుకుని కూర్చుంటాడు. మొన్న వెనక నుంచి పిలిస్తే పలకలేదే! వీడి చెవులు కూడా పోతే? చెవులు పోయినవాడికి పాటలెవడిస్తాడు? బస్టాండులో అయితే మైకు మనదే, చెవులతో పనిలేదు."

లోకంలో తల్లులు బిడ్డలు బాగుపడాలని తిడతారు. మా అమ్మ బిడ్డ బాగుపడాలని తిట్లు మానేసింది. పాపం, ఆ మానెయ్యడానికి ఎంత కష్టపడుతోందో తువ్వాలు చూస్తే తెలుస్తోంది. నేను మోతకు చెప్పలేదు. చెప్పాలనిపించింది గానీ, అమ్మ భయం నాకూ అంటుకుంది.

నెలాఖరు రానే వచ్చింది. బుల్డోజర్ ఆఖరి ప్రయత్నంగా మా హాలు గోడ మీద బొగ్గుతో తన బొమ్మ తానే గీసుకున్నాడు. అమ్మ "చాలా బాగుంది" అంది. వాడు అమ్మకు దండం పెట్టి, పక్కకి తిరిగి, గుమ్మం దాటి వెళ్లిపోయాడు. మోత గదిలోకెళ్లి వైర్లన్నీ చుట్టి అట్టపెట్టెలో పెట్టాడు. స్పీకర్లకు దుప్పటి కప్పాడు. కిటికీ మీది పరుపు దించాడు, గదిలోకి ఎండ వచ్చింది. బీరువాలో కోట్లు వరసగా తగిలించాడు. ఇల్లంతా నిశ్శబ్దం. నాన్న కుర్చీ ఎటు తిప్పుకోవాలో తెలియక అటూ ఇటూ తిప్పుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లు ఆ మోత ఆగితే బావుణ్ననుకున్న దాన్ని నేనే కదా.

ఒకటో తారీఖు పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, అమ్మ వెనకాల నా కారెక్కాడు. బస్టాండులో నేను కూడా గాజు గది దాకా వెళ్లాను. అమ్మ వాడికి స్విచ్చి చూపించింది. ఎర్ర బల్బు వెలిగితే మైకు పనిచేస్తున్నట్టు. మోత కూర్చున్నాడు, స్విచ్చి నొక్కాడు, చెప్పాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. రెండవ ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు కాసేపట్లో బయలుదేరును. దయచేసి తమ సామాన్లు సరిచూసుకోగలరు."

స్విచ్చి ఆపేశాడు. ఒక్క తప్పు లేదు. సూపర్‌వైజర్ తలుపు తీసి, "అబ్బా, అమ్మగారూ, మీకంటే మెత్తగా ఉందండీ!" అని మెచ్చుకుని వెళ్లాడు. అమ్మ సంతోషించాలి కదా? అమ్మ వాడి చేతుల వంక చూస్తోంది. మా మోత చేతులు ఊరుకుని ఉండగా పుట్టాక ఎవరూ చూడలేదు. అన్నం పళ్లెం, కారు తలుపు, నాన్న బట్టతల, ఏది దొరికితే దాని మీద వేళ్లు ఆడాల్సిందే. ఇప్పుడా చేతులు బల్ల మీద ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వాడు మెల్లగా అడిగాడు.

"తర్వాతి బస్సు ఎన్నింటికండీ?"

అమ్మను అండీ అన్నాడు.

అమ్మ చెయ్యి చాపి స్విచ్చి నొక్కింది. ఎర్ర బల్బు వెలిగింది. నేను కళ్లారా చూశాను.

"ఒరేయ్! చేతులు తియ్యరా బల్ల మీంచి! ఎవర్రా నువ్వు? నా కొడుకేడీ? ఇన్నేళ్లు నీ మోతకి నా తల పగిలిపోయింది, పక్కింటివాళ్లతో పడరాని మాటలు పడ్డాను, నా బీరువాలో ముక్కూ మొహం తెలియని వాళ్లు నిలబడి పాడారు! అన్నీ భరించింది ఇందుకా? నేనొక్క నెల నోరు మూసుకుంటే మానేస్తావా? ఇంత తేలిగ్గా మానేసేదానికా ఇన్నేళ్లు నా ప్రాణాలు తోడేశావు? చెవులు పోతాయని నా భయం నేను పడతాను, నీకెందుకురా? పోతే పోనీ! నేను అరిచి వినిపిస్తాను! నాకింత గొంతెందుకనుకున్నావ్?"

బస్టాండు మొత్తం ఆగిపోయింది. డ్రైవర్లు ఇంజన్లు ఆపేశారు. టికెట్ల దగ్గర తోసుకుంటున్నవాళ్లు తమంతట తామే వరసలో నిలబడ్డారు. బెంచీ మీద కాళ్లు చాపుకున్న పెద్దమనిషి కాళ్లు తీసేశాడు. ఒకాయన బస్సు దిగి, సామాను దించుకుని, మా ఇంటికి పోతానంటూ వెనక్కి నడిచాడు. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చి గాజు మీద దబదబా బాదాడు. అమ్మ మైకు వైపు వంగింది.

"సూపర్‌వైజర్ గారికి విజ్ఞప్తి. దయచేసి కాసేపు బయట వేచి ఉండగలరు."

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మోత కుర్చీలో బిగుసుకుపోయి ఉన్నాడు. కళ్లలోంచి నీళ్లు ఇస్త్రీ చొక్కా మీదికి కారుతున్నాయి, వేళ్లు మాత్రం బల్ల అంచు మీద ఆడటం మొదలెట్టాయి.

"అమ్మా... మైకు ఆన్‌లో ఉంది."

"తెలుసురా వెధవా. నేను కాదూ ఆన్ చేసింది? రికార్డు చేస్తున్నావా లేదా?"

మోత జేబులు తడుముకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రికార్డర్ లేకుండా ఇల్లు దాటాడు. "అన్నీ పెట్టెలో పెట్టేశానమ్మా" అన్నాడు.

అమ్మ కళ్లజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. కుర్చీ లాక్కుని మైకు ముందు నిటారుగా కూర్చుంది.

"అయితే పోయి తెచ్చుకో. వచ్చేటప్పుడు ఆ బుల్డోజర్‌ని కూడా లాక్కురా, వాడికీ చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. కంగారుపడి రోడ్డు మీద పరుగెత్తకు, అక్క కారుంది. నేనెక్కడికీ పోను. నా కోపమూ ఎక్కడికీ పోదు."